మూడో పాటలో నా దగ్గు

మొన్న మంగళవారం పద్మనాభం ఊరికి పోయే బస్సు కోసం వెళ్లి, ఇంకా అరగంట ఉందని తెలిసి, బస్‌స్టాండు గోడ పక్కనున్న టీ కొట్టు దగ్గర ఆగాను. దంచిన అల్లం వాసన, పొంగుతున్న పాల చప్పుడు. కొట్టు నడిపే ఆవిడ పాట గట్టిగా వినిపించడానికి తన ఫోనును ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టింది. గ్లాసులోంచి వస్తున్న గిటారు మోత నాకు తెలిసినదేనని పోల్చుకోవడానికి రెండు గుక్కల టీ పట్టింది. బొంగురు గొంతు, పరుగెడుతున్న తాళం. ఉన్నట్టుండి పాట మొత్తం ఆగిపోయింది. ఆ ఖాళీలో, ఫోనులోంచే, ఎవరో రెండుసార్లు దగ్గారు. సరిగ్గా అప్పుడే టీ వడపోస్తున్న ఆవిడ కూడా, గ్లాసుల మీంచి చూపు తిప్పకుండా, రెండుసార్లు దగ్గింది. పాట మళ్లీ అందుకుంది.

“జలుబు చేసిందా అమ్మా?” అన్నాను.

“జలుబేటి మాస్టారూ? ఆ పాట అంతే. అక్కడ దగ్గాల. మా ఆయనా దగ్గుతాడు, ఆటో స్టాండోళ్లూ దగ్గుతారు.”

“ఆ దగ్గు నాదమ్మా.”

ఆవిడ నా తెల్ల చొక్కానీ, చంకలోని గొడుగునీ, సంచిలోంచి బయటికి కనిపిస్తున్న డైరీనీ ఒకసారి చూసింది. “ఎల్లండి మాస్టారూ, పొద్దున్నే ఎటకారాలు,” అని నవ్వి, ఇంకొకరి గ్లాసు అందుకుంది.

ఎటకారం కాదు. ఆ దగ్గు నాదే. అది ఆ పాటలోకి ఎలా వెళ్లిందో, ఎందుకు అక్కడే ఉండిపోయిందో చెప్పాలంటే దాలినాయుడి గురించి చెప్పాలి. అతను నాకంటే పాతికేళ్లు చిన్నవాడు. అయినా నన్ను మలిచినవాళ్లు ఎవరని అడిగితే, మా నాన్నగారి తరవాత నేను చెప్పే పేరు అతనిదే.

ఓడరేవు సిగ్నల్ స్టేషన్‌లో లాగ్ పుస్తకం రాయడం నా ఉద్యోగం. ఏ ఓడ ఎన్నింటికి కనిపించింది, గాలి ఎటునుంచి వీస్తోంది, సముద్రం ఎలా ఉంది, ఇవే నేను రాసినవి. ఇంటికొచ్చాక నా సొంత డైరీలో కూడా దాదాపు అవే రాసుకునేవాణ్ణి. పద్దెనిమిదో ఏట కాకినాడలో మొదలుపెట్టిన అలవాటు, ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చినా వదల్లేదు. పదవీ విరమణ అయ్యాక రాయడానికి ఓడలు లేకుండా పోయాయి. ఆ రోజుల డైరీలు ఇప్పుడు తీసి చూస్తే పేజీకి రెండు వాక్యాలు మించవు. “గాలి నైరుతి. ఎండ.” అంతే.

అలాంటి రోజుల్లో, మల్కాపురంలో మా పెరటి గోడకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులోకి దాలినాయుడు దిగాడు. ఆ షెడ్డులో ఒకప్పుడు చేపల వలలు దాచేవారు. అతను ఓడల మరమ్మతు యార్డులో గ్రైండర్ పట్టే పనివాడు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఇనప రేకుల మీద తుప్పు గీకేవాడు. ఇంటికొచ్చి, అన్నం తిని, గిటారు పట్టేవాడు. అతనికి తోడు ఇద్దరు. డ్రమ్ములు వాయించే పైడిరాజు అదే యార్డులో వెల్డరు. బేస్ గిటారు వాయించే వరలక్ష్మి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో పనిచేసేది. అక్కడినుంచి కంపెనీ బస్సులో నేరుగా షెడ్డుకే వచ్చేది. ముగ్గురూ కలిసి ఒక రాక్ బ్యాండు. దాని పేరు తుప్పు.

వారం రోజులు ఓపిక పట్టాను. ఎనిమిదో రోజు ఒక ఫిర్యాదు పట్టుకుని వెళ్లాను. నేను ఫిర్యాదు చేస్తే నోటితో చెయ్యను. పొడుగు కాగితం మీద గళ్లు గీసి, రోజు, మొదలు, ముగింపు, శబ్ద స్వభావం అని నాలుగు శీర్షికలు పెట్టి, వారం మోతంతా ఎక్కించాను. దాలినాయుడు గుమ్మంలోనే నిలబడి దాన్ని చదివాడు. పొట్టిగా, చేతులు మోచేతుల దాకా కాలిన మచ్చలతో ఉండే మనిషి. చదువుతూ చదువుతూ అతని ముఖం వెలిగిపోయింది.

“ఒరే పైడిరాజూ, ఇలగ రారా బావ! గురువారం వాయించిన పాట మాస్టారికి ఎలగ ఇనపడ్డాదో తెలుసా? ‘మనిషిని తరుముతున్నట్టు’ అంట!”

“తరుముతన్నట్టేటి, అది తరిమిన పాటే కదా,” అన్నాడు లోపలినుంచి పైడిరాజు. “రామ్మూర్తి పంతులు పేటలో కుక్కలు నిన్ను తరిమినప్పుడు కట్టినావు కాదేటి.”

“అదే సెప్తన్నాను! మాటల్లో ఎక్కడా కుక్క నేదు. మోత ఇనే కనిపెట్టేసినారు.” నావైపు తిరిగాడు. “మాస్టారూ, మా పాటలకి ఇంత బాగా లెక్క రాసినోలు ఎవులూ నేరు. మేం ఏ పాట ఎప్పుడు ఎలగ వాయించేమో పొద్దున్నకి మాకే గేపకం ఉండదు. మీరొచ్చి కూకోండి. రిజిస్టరు రాసిపెట్టండి.”

మోత ఆపించడానికి వెళ్లినవాణ్ణి ఉద్యోగంతో తిరిగొచ్చాను. మా ఆవిడ సుభద్ర రెండు రోజులు నవ్వింది. “చెవులు మూసుకోవడానికి దూది అడిగినవాళ్లు మీరేనా అండీ?” అని. నిజం చెప్పాలంటే దూది అవసరం చాలాకాలం తీరలేదు. కానీ ఇంత మోత చేసేవాళ్లకు ఏం కావాలో తెలుసుకోవాలని ఒక కుతూహలం పుట్టింది. మర్నాడే బైండు చేసిన పుస్తకం కొని గళ్లు గీశాను. పాట పేరు, తేదీ, సమయం, వాయిద్యాలు, పొరపాట్లు.

మొదటి రికార్డు పని ఆ చలికాలంలో మొదలైంది. షెడ్డు గోడలకు పాత వలలు, గోనెసంచులు, రెండు పరుపులు వేలాడదీశారు, మోత గోడలకు కొట్టుకుని తిరిగి రాకుండా. రికార్డింగు యంత్రం ఒకటి, మైకులు రెండు. ఇంతవరకూ నాకు అర్థమైంది. అర్థం కానిది, ఐదు గంటలయ్యే దాకా ఎవరూ తీగ ముట్టకపోవడం. ఐదింటికి రైలు పట్టాల అవతలి పాత వర్క్‌షాపులో సైరన్ మోగేది. అది సన్నగా మొదలై, పైకి లేచి, ఒకచోట కాసేపు నిలబడి, మెల్లగా దిగిపోయేది. అది నిలబడిన ఆ కాసేపట్లోనే దాలినాయుడూ వరలక్ష్మీ తీగలు బిగించుకుని దానికి శ్రుతి చేసుకునేవాళ్లు. సైరన్ దిగగానే పాట మొదలు.

“శ్రుతి చూసుకోవడానికి చిన్న యంత్రాలు ఉంటాయటగా?” అని అడిగాను.

“ఉంటాయి. అయి మాకు సుట్టాలు కావు మాస్టారూ,” అన్నాడు దాలినాయుడు. “మా అమ్మ పొయ్యి ఎలిగించింది ఆ సైరన్ ఇనే. మా నాన్న సైకిలెక్కింది ఆ సైరన్ ఇనే. ఈ పేటలో పుట్టినోడి సెవిలో మొదటి సురుతి అదే. దాన్ని కాదని ఎక్కడో తయారైన సురుతి ఎందుకు మనకి?”

మూడో పాట పేరు ‘మేకులు’. దాని నడుమ ముగ్గురూ ఒక్కసారిగా చేతులు ఎత్తేస్తారు. నాలుగు దెబ్బలంత నిశ్శబ్దం. తరవాత మళ్లీ విరుచుకుపడతారు. పాటకు ప్రాణమంతా ఆ నిశ్శబ్దంలోనే ఉందని నాకు కూడా తెలుస్తూనే ఉంది. వలల్లో ఎన్నేళ్ల ఉప్పు ధూళి ఉందో, అది ఆ రోజంతా నా గొంతులో కూర్చుంది. బిగపట్టాను. చేతులెత్తిన క్షణంలో అది నన్ను దాటి వచ్చేసింది. మొదటి దగ్గు పొడిగా, రెండోది దాన్ని ఆపబోయి ఓడిపోయినట్టుగా.

పాట అయ్యాక నేను తల ఎత్తలేకపోయాను. రిజిస్టరులో ‘పొరపాట్లు’ గడిలో ‘నా దగ్గు’ అని రాసి, “మళ్లీ మొదటినుంచి వాయించండి బాబూ. నేను బయట కూర్చుంటాను,” అన్నాను.

దాలినాయుడు గిటారు ఒళ్లో పెట్టుకుని అడిగాడు. “మాస్టారూ, మీ ఆఫీసు పుస్తకంలో తప్పు పడితే ఏటి సేసీవోరు?”

చెప్పాను. లాగ్ పుస్తకంలో రబ్బరు, బ్లేడు, తెల్ల రంగు నిషిద్ధం. తప్పు మీద ఒకే ఒక్క గీత గీయాలి. కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాలి. ఆ వేళ ఏం జరిగిందన్నదే కాదు, జరిగిందని ఏమనుకున్నామన్నది కూడా రేపు ఎవరికైనా కావలసి రావచ్చు.

“ఏనాడైనా పేజీ సింపేరా?”

“ప్రాణం పోయినా చింపను.”

“మరి నా పేజీ ఎందుకు సింపమంటన్నారు?”

ఆ రోజునుంచి అది తుప్పు బ్యాండుకు నియమమైంది. ఒక పాటను ఒకసారే రికార్డు చేస్తారు. పడిన తప్పు పడినట్టే ఉంటుంది. నేను ముప్పై ఏళ్లపాటు పై అధికారి చెప్పాడని పాటించిన నియమాన్ని, దాని వెనక ఉన్న మర్యాద తెలిసి పాటించిన మొదటి మనిషి దాలినాయుడే. ఆ మాట అప్పుడు తట్టలేదు. చాలా నెలల తరవాత, వేరే పనిమీద పాత డైరీలు దులుపుతుంటే తట్టింది.

రికార్డు అట్టలు కూడా అతని పద్ధతిలోనే తయారయ్యాయి. తడిపిన మందపాటి కాగితాలను తుప్పు పట్టిన రేకుల మధ్య రెండు రోజులు ఉంచేవాడు. తీసి ఆరబెడితే ఒక్కో కాగితం మీద ఒక్కో మరక. ఒకటి దీవిలా, ఒకటి దుప్పటి కప్పుకున్న మనిషిలా. ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. తీసిన రెండొందల కాపీల్లో నా వంతుకు వచ్చిన దాని మీద మరక అచ్చంగా మా సిగ్నల్ స్తంభంలా ఉందని నేనంటే, సుభద్ర అది అప్పడాల కర్రలా ఉందంటుంది.

ఆ రికార్డు బయటికొచ్చాక ఒక సాయంత్రం దాలినాయుడు మా వరండాలో కూర్చుని, అడగకుండానే నా డైరీ తిరగేశాడు. ఇంకెవరైనా అయితే లాక్కునేవాణ్ణి. అతను పేజీలు తిప్పుతూ పోయాడు.

“గాలి ఉంది. ఎండ ఉంది. తుపాను సూచన ఉంది. మాస్టారూ, ఇన్నేళ్లలోనూ మీకు ఒక్కటీ ఇనపడనేదేటి?”

“అంటే?”

“కంటికి కనపడిందే రాసేరు అంతా. సెవులు లేని ఊరు లాగున్నాది మీ డైరీ. రోజుకొకటి, ఇన్నది రాయండి. ఒక్కటే. పెద్దది అక్కర్నేదు.”

నాకు కొంచెం కోపం వచ్చింది. కానీ ఆ రాత పని మర్నాడే మొదలుపెట్టాను, ఎందుకంటే గడి ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు. మొదటి రోజు ‘కాకి’ అని రాశాను. రెండో రోజూ కాకి. మూడో రోజు డైరీ చూసి అతను, “ఏ కాకి మాస్టారూ? ఆకలి కాకా, కబుర్ల కాకా?” అన్నాడు. అప్పుడు బయటికి వెళ్లి విన్నాను. నిజంగానే రెండు రకాలున్నాయి. ఒక నెల గడిచేసరికి సుభద్ర గిన్నెలు తోమే చప్పుడును బట్టి ఆవిడ మనసు ఎలా ఉందో రాయగలిగాను. దాన్ని మాత్రం ఆవిడకు చూపించలేదు. అరవై దాటాక ఒక మనిషికి ఇంద్రియం ఒకటి కొత్తగా వస్తుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

రెండో రికార్డును భీమునిపట్నం ఒడ్డున, బోల్తా కొట్టించి పెట్టిన పడవల మధ్య చేశారు. పాటలకన్నా గాలే ఎక్కువ వినిపిస్తుంది. అందరూ వద్దన్నారు. దాలినాయుడు ఒప్పుకోలేదు. గాలి పేరును కూడా వాయించినవాళ్ల జాబితాలో వేయించాడు. ఆ సాయంత్రం అక్కడే చిన్న కచేరీ జరిగింది. ‘మేకులు’ పాట మధ్యలో ముగ్గురూ చేతులెత్తగానే, ఇసుకలో కూర్చున్న నలభై యాభైమందీ ఒక్కసారిగా దగ్గారు. మొదటి రికార్డు విని విని వాళ్లు దాన్ని పాటలో భాగమే అనుకున్నారు. పైడిరాజు నవ్వాపుకోలేక ఒక దెబ్బ వదిలేశాడు. నేను ముఖం గొడుగుతో దాచుకున్నాను. సుభద్ర మాత్రం పక్కావిడతో, “ఈ దగ్గు ఇంట్లోనే పడలేకపోతున్నామండీ, ఇప్పుడు ఊరికి కూడా అంటించారు,” అంది.

అసలు విషయం మూడో రికార్డుది.

ఆ ఏడాది మొదట్లో దాలినాయుడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. గ్రైండరు మోతకు రెండు చెవులూ తగ్గుతున్నాయని, ఎడమది ముందుగా పోతుందని ఆయన చెప్పాడట. ఎప్పటికి అన్నది చెప్పలేదు. అతను దాన్ని మాకు చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. పల్లీలు ఒలుచుకుంటూ, పక్కింటివాళ్ల కబురు చెబుతున్నట్టు చెప్పాడు. “ఎనిమిది పాటలున్నాయి నా దగ్గర. సెవులున్నంతలో అయి అయిపోవాల. ఆ తరవాత సంగతి ఆ తరవాత.” వరలక్ష్మి ఏడవబోతే, “ఏటే, నానేటి సచ్చిపోతన్నానా? తీగలు సూసుకో,” అని కసిరాడు.

ఎండాకాలం ముగిసేలోగా నాలుగు పాటలు అయ్యాయి. వానలు రాగానే ఎప్పటిలాగే పని ఆపేశారు. అన్ని మోతలనూ ఒప్పుకునే దాలినాయుడు వానను మాత్రం ఒప్పుకునేవాడు కాదు. “రేకుల మీద పడితే మన పాట వాయించనీదు. దాని పాటే వాయిత్తాది,” అనేవాడు. దసరా వెళ్లాక మళ్లీ మొదలుపెట్టారు. ఐదింటి సైరన్, తీగలు బిగించడం, పాట. ఐదోది, ఆరోది, ఏడోది. ప్రతి పాట తరవాతా అతని ముఖం నల్లబడుతూ వచ్చింది. పైస్థాయిలో గొంతు అందడం లేదు. ఏదో తేడాగా ఉందంటాడు. మిగతా ఇద్దరికీ తేడా తెలియడం లేదు. ఏడో పాట తరవాత, వానలకు ముందు చేసిన నాలుగు పాటల్నీ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి విన్నాడు. విని యంత్రం ఆపేశాడు.

“ఒకటికొకటి కూడట్లేదు మాస్టారూ. రెండు ఊళ్ల పాటల్లాగున్నాయి. నా సెవి అయిపోనాది.”

“బావా, మాకు బాగానే ఇనపడతంది కదా,” అన్నాడు పైడిరాజు.

“నీకేటి తెలస్తాది, రేకు కొట్టీవోడివి! నాను బిగించింది తప్పు. నాను పాడింది తప్పు. తప్పని తెలస్తంది గానీ ఎక్కడో తెలట్లేదు. సెవిటోడి పాట జనానికి ఇనిపించి నవ్వించుకుంటానేటి?”

తప్పును ఎన్నడూ చెరపని మనిషి అన్న మాట అది. మర్నాడు వలలు దింపడం మొదలుపెట్టాడు. ఎనిమిదో పాట ఉండదని, గిటారు అచ్యుతాపురంలో ఎవరో అడుగుతున్నారని వరలక్ష్మి వచ్చి చెప్పింది. నేను అతన్ని బతిమాలలేదు. నాకు ఆ విద్య రాదు. ఇంటికొచ్చి రిజిస్టరు ముందు కూర్చున్నాను, దాన్ని పద్ధతిగా మూసేద్దామని. ‘రికార్డింగు నిలిపివేయడమైనది’ అని రాశాను. పక్కన కారణం రాయాలి. కారణం లేకుండా ఏ లాగ్ పుస్తకమూ మూసెయ్యకూడదు. ‘వినికిడి లోపం’ అని రాయబోయి ఆగాను. అది ఎవరు చూశారు? ఎప్పటినుంచి? డాక్టరు పోతుందన్నాడు గానీ పోయిందనలేదు, ఇప్పుడే పోయిందనడానికి అతని ఊహ తప్ప ఆధారం ఏముంది? ఊహను కారణంగా రాయడం నేను నేర్చుకోలేదు.

అందుకని ఆ ఏడాది డైరీ తీసి, నాలుగో పాట రోజునుంచి ఐదో పాట రోజు దాకా ఒక్కొక్క పేజీ చదువుకుంటూ వచ్చాను, తేడా ఎక్కడ మొదలైందో చూద్దామని. అన్నీ వానాకాలపు పేజీలు. రోజుకొక ‘విన్నది’. కప్పలు. పక్కింటి కుక్కరు. తలుపు ఉబ్బి మూలిగిన చప్పుడు. శ్రావణంలో ఒక పేజీ దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ రోజు రాయడానికి ఏమీ దొరక్క, గడి నింపాలి కాబట్టి రాసిన వాక్యం అది. “ఐదింటి సైరన్ ఇవాళ ఎందుకో సన్నగా ఉంది. మెడ ఎత్తి అరిచినట్టు.”

రాసి మర్చిపోయాను. మర్నాటినుంచి అదే అలవాటైపోయి, చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది.

చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. షెడ్డుకు వెళ్లేసరికి ఐదవడానికి పావుగంటే ఉంది. ముగ్గురూ ఉన్నారు. వలలు కుప్పగా పడున్నాయి. “మొదటి రికార్డు ఒకసారి పెట్టండి. మొదట్లో సైరన్ ఉంటుంది, అంతవరకే,” అన్నాను. తీగలు బిగించకముందే యంత్రం తిప్పడం వాళ్ల అలవాటు కాబట్టి, ఆ రికార్డు సైరన్‌తోనే మొదలవుతుంది. దాలినాయుడు నావైపు జాలిగా చూశాడు కానీ పెట్టాడు. పాత సైరన్ పైకి లేచి, నిలబడి, దిగింది. “దాన్ని గొంతులో పట్టుకో. వదలకు,” అన్నాను వరలక్ష్మితో. ఆ అమ్మాయి దాన్ని సన్నగా కూనిరాగంగా పట్టుకుని, ఊపిరి తిప్పుకుంటూ కూర్చుంది. మేం గడియారం చూస్తూ కూర్చున్నాం.

ఐదయింది. పట్టాల అవతలినుంచి సైరన్ లేచింది. లేచి, వరలక్ష్మి గొంతు ఉన్నచోట ఆగలేదు. దాన్ని దాటి పైకి వెళ్లి అక్కడ నిలబడింది.

“ఓరి దీని దుంప తెగ!” అన్నాడు పైడిరాజు. “ఇది ఏరే సైరన్ బావా!”

“అందుకేనా తీగలు అంత బిగుసుకుపోతన్నాయి!” అంది వరలక్ష్మి. “కొత్త తీగలు కదా, అలగే ఉంటాయేమోనని ఊరుకున్నాను.”

దాలినాయుడు సైరన్ పూర్తిగా దిగిపోయేదాకా తల వంచుకుని విన్నాడు. తరవాత నా చేతిలోని డైరీ వైపు చెయ్యి చాచి, మళ్లీ తనే వెనక్కి తీసుకున్నాడు. “మీరే సదవండి మాస్టారూ,” అన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

“మెడెత్తి అరిసినట్టు,” అన్నాడు మెల్లగా. “అయితే సెడిపోనది నా సెవి కాదు. సైరను.”

“చెడిపోలేదు, మార్చారు.”

“మీ లెక్క మీది!” అని ఒక్కసారిగా నవ్వాడు. నవ్వుతూనే రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. తేడా పట్టుకున్న చెవి ఆ గదిలో అతనిదొక్కటే. ఆ తేడా తనలో ఉందనుకున్నాడు, అంతే.

మర్నాడు వర్క్‌షాపు గేటు మనిషిని అడిగితే, వానల్లో పాతదాని మోటారు కాలిపోయిందని, కొత్తది తెచ్చి పెట్టారని చెప్పాడు. అప్పుడు నేను, ఇక ఆ మూడు పాటల్నీ పాత శ్రుతిలో తిరిగి చేసుకోవచ్చు కదా అన్నాను. అనగానే ముగ్గురూ నావైపు చూసిన చూపుకు నాకే సిగ్గేసింది.

“సెరిపేమంటన్నారేటి మాస్టారూ?” అన్నాడు దాలినాయుడు. “ఒక గీత గీత్తాం. పక్కన సరైంది రాత్తాం. సంతకం మీది.”

ఆ గీత నా గొంతు. ఎనిమిదో పాట అయ్యాక, మూడో రికార్డులో నాలుగో పాటకూ ఐదో పాటకూ మధ్య పెట్టడానికి, నన్ను మైకు ముందు కూర్చోబెట్టి ఆ రోజు డైరీ వాక్యం చదివించారు. తేదీతో సహా. నియమం ప్రకారం ఒకేసారి. వెనక కొత్త సైరన్ మోగుతూ ఉంటుంది. నా గొంతు వణికింది, ఆ వణుకూ ఉంది. “దగ్గండి మాస్టారూ, జనం ఎదురుసూత్తారు,” అని పైడిరాజు సైగలు చేశాడు. ఆ రోజు దగ్గు రమ్మన్నా రాలేదు.

డాక్టరు మాట అబద్ధం కాలేదు. రెండేళ్లకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా ఇప్పుడు పోయినట్టే. దాలినాయుడు యార్డు పని మానేసి, పద్మనాభం దగ్గర వాళ్ల అత్తవారి ఊళ్లో ఉంటున్నాడు. నెలకోసారి నేను బస్సెక్కి వెళతాను. నా డైరీ అతని చేతికిస్తాను. ఆ నెల ‘విన్నది’ గళ్లు మాత్రమే వరసగా చదువుకుంటాడు. కొన్ని చోట్ల ఆగి, కళ్లు మూసుకుని, తల ఊపుతాడు. కొన్ని చోట్ల వేలు పెట్టి, “ఇది సరిగ్గా ఇన్నేదు మీరు,” అని దెబ్బలాడతాడు. ఒకసారి, “సెవులు మీకు అద్దెకిచ్చేను మాస్టారూ. పాడు సెయ్యకండి,” అన్నాడు. అద్దెకు తీసుకున్న వస్తువును ఎంత జాగ్రత్తగా వాడాలో నాకు తెలుసు.

మొన్న టీ కొట్టు సంగతి కాగితం మీద రాసి చూపించాను. ఆవిడ వడపోస్తూ వడపోస్తూ దగ్గిందని చదివి, అతను పగలబడి నవ్వి, ఆ నవ్వు పొలమారి తనే దగ్గాడు. సరిగ్గా రెండుసార్లు.

సాయంత్రం ఇంటికొచ్చి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాను. మొదటి రికార్డు, మూడో పాట, ‘మేకులు’. ‘పొరపాట్లు’ గడిలో నా అక్షరాలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ‘నా దగ్గు.’ స్కేలు పెట్టి దాని మీద ఒకే ఒక్క గీత గీశాను, కింద ఉన్నది చదవడానికి వీలుగా. తరవాత పక్కనున్న ‘వాయిద్యాలు’ గడిలో, గిటారు, బేస్, డ్రమ్ములు అని ఉన్నచోట, ఒక కామా పెట్టి ‘దగ్గు’ అని చేర్చి, పొట్టి సంతకం చేశాను.